వడ్డీ లేదన్నారు, స్టేట్‌మెంటులో మాత్రం ఉంది
వడ్డీ లేని వాయిదాల వల్ల కొనుగోలుదారుకు నష్టమేమీ లేదన్న వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. గత ఏడాది కూకట్‌పల్లిలోని ఒక దుకాణంలో 36,000 రూపాయల ఫ్రిజ్‌ను క్రెడిట్ కార్డుపై ఆరు నెలల వాయిదాల్లో తీసుకున్నాను. మరుసటి నెల స్టేట్‌మెంటులో అసలు, వడ్డీ, ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము, దానిపై మళ్లీ జీఎస్టీ విడివిడిగా కనిపించాయి. నిజానికి జరిగేదేమిటంటే, బ్యాంకు తన వడ్డీని యథావిధిగా వసూలు చేసుకుంటుంది, అమ్మకందారు అంత మొత్తాన్ని ముందే ధరలో తగ్గించి చూపుతాడు, పన్నులూ రుసుమూ మాత్రం మన నెత్తిన పడతాయి. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. తర్వాత పథకానికి ‘నో కాస్ట్ ఈఎంఐ’ అని పేరు మారింది, అంతే. నాపై పడిన అదనపు భారం ఆరు వందలకు అటూ ఇటూ మాత్రమే, అది పెద్ద మొత్తమని అనను. అయితే అదే రోజు నా పక్కన నిలబడి రొక్కం చెల్లించిన పెద్దాయనకు అదే ఫ్రిజ్‌పై రెండు వేలు తగ్గించి, వాయిదాల్లో కొంటున్నందున నాకు ఆ తగ్గింపు వర్తించదన్నారు. ఈ రెండు వేలను వ్యాసకర్త తన లెక్కలో ఎక్కడా చేర్చలేదు.