టెన్త్ అయ్యాక చూద్దాం అనుకుంటే…

మా పిన్ని కూతురు డాలస్‌లో ఉంటుంది. నిరుడు జూన్‌లో కొడుకును తెచ్చుకోవడానికి ఎయిర్‌పోర్టుకు వెళ్తూ నన్నూ రమ్మంది. బయటికొచ్చే తలుపు దగ్గర గంటన్నర నిలబడ్డాం. వాడొచ్చాడు. నూనూగు మీసాలు, వాళ్లమ్మ కంటే జానెడు పొడుగు. ట్రాలీ మీద రెండు సూట్‌కేసులు, వాటి మీద టేపు చుట్టిన ఆవకాయ అట్టపెట్టె. "హాయ్ మమ్మీ" అని పక్కనుంచి ఒకసారి వాటేసుకుని, వెంటనే ఫోన్ అడిగాడు. "అమ్మకు చెప్పాలి, దిగానని." ఆ అమ్మ తెనాలిలో ఉన్న అమ్మమ్మ. నాలుగో ఏట నుంచి వాణ్ని పెంచింది ఆవిడే.

ఆ రోజుకు వాడికి 18 ఏళ్లు నిండి ఇరవై రోజులు. ఆ ఇరవై రోజులు ఎంత ఖరీదైనవో మా ఇంట్లో ఎవరికీ ముందు తెలియదు.

అమెరికాలో 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చట్టం ఒకటుంది. తల్లిదండ్రుల్లో ఒకరు అమెరికా పౌరులై ఉండి, బిడ్డ 18 ఏళ్లు నిండకముందే గ్రీన్‌కార్డు హోదాతో వచ్చి వాళ్ల సంరక్షణలో, వాళ్లతో కలిసి అక్కడ కాపురముంటే ఆ బిడ్డకు దానంతటదే పౌరసత్వం వస్తుంది. పరీక్ష లేదు, ప్రమాణం లేదు. మా చెల్లెలు అప్పటికి రెండేళ్ల కిందటే సిటిజన్ అయింది. మూడు వారాల ముందు విమానం ఎక్కించి ఉంటే వాడు దిగుతూనే పౌరుడయ్యేవాడు. ఇప్పుడు అందరిలాగే ఐదేళ్లు ఆగి, సొంతంగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ ఐదేళ్లలో ఒక్కసారి ఆర్నెల్లకు మించి దేశం బయట ఉంటే లెక్క చిక్కుల్లో పడుతుంది. రేపు అమ్మమ్మకు ఒంట్లో బాగాలేక, దగ్గరుండి చూసుకోవాలని వాడనుకుంటే అడ్డుపడేది సరిగ్గా ఆ నిబంధనే.

ఆలస్యం ఎక్కడ జరిగింది? వాడికి పదేళ్లప్పుడు మా చెల్లెలు మళ్లీ పెళ్లి చేసుకుంది. భర్త అమెరికా పౌరుడు. బిడ్డకు 18 నిండకముందే ఆ పెళ్లి జరిగి ఉంటే మారుతండ్రి కూడా ఆ బిడ్డ కోసం ఐ-130, అంటే సొంతవాళ్లను రప్పించుకునే పిటిషన్, వేయొచ్చు. పౌరుల పిల్లలు పెళ్లి కాకుండా, 21 లోపు ఉంటే వీసా నంబరు కోసం క్యూ కూడా ఉండదు. అంటే అయిదో తరగతిలో ఉండగానే దారి తెరిచి ఉంది. ఎవరూ అటు నడవలేదు. కొత్త కాపురం కుదురుకోనీ అని ఒక ఏడాది. వీడు కూడా వెళ్లిపోతే అమ్మ ఒంటరైపోతుందని ఇంకో రెండేళ్లు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి అసలైన మాట పడింది: "టెన్త్ అయ్యాక చూద్దాం." టెన్త్ ఫలితాలు వచ్చిన నెలలోనే పిటిషన్ వేశారు. ఇంటర్ చదువుతూ రెండేళ్లు ఎదురుచూశాడు.

నేను మా చెల్లెల్ని తప్పుపట్టను. ఆ వాయిదాల్లో ప్రతిదాని వెనకా ప్రేమే ఉంది. కానీ మన ఇళ్లలో పెద్ద నిర్ణయాలన్నీ పబ్లిక్ పరీక్షల క్యాలెండర్ చూసి తీసుకుంటాం. ఇమిగ్రేషన్ చట్టానికి మార్చిలో జరిగే పరీక్షలతో పని లేదు. అది పుట్టినరోజులు లెక్కపెడుతుంది. దత్తత అయితే మామూలుగా 16 లోపు. మారుతండ్రి, మారుతల్లి అయితే పెళ్లి 18 లోపు. ఆటోమేటిక్ పౌరసత్వానికి 18. చట్టం దృష్టిలో 'బిడ్డ' అనిపించుకోవడానికి 21. ఈ నాలుగు అంకెలూ తెలియకుండా టెన్త్ గురించి మాట్లాడుకోవడం దండగ.

తల్లికో తండ్రికో గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే పరిస్థితి ఇంకా సున్నితం. 21 లోపు, పెళ్లికాని పిల్లలది ఎఫ్2ఏ వరుస. 2019 జులై నుంచి దాదాపు నాలుగేళ్లు ఆ వరుసలో నిరీక్షణే లేదు. 2023 ఏప్రిల్‌లో మళ్లీ కటాఫ్ తేదీ, అంటే క్యూ, వచ్చిపడింది. మధ్యలో 21 నిండితే ఎలా అనే భయానికి 2002లో తెచ్చిన చట్టం కొంత ఊరటనిస్తుంది. ప్రయారిటీ డేట్, అంటే పిటిషన్ వేసిన తేదీకి క్యూలో వంతు, వచ్చిన రోజున ఉన్న వయసులోంచి పిటిషన్ పెండింగ్‌లో ఉన్న రోజులను తీసేస్తారు. అలా తీసేశాక 21 నిండకుండా ఉండి, ఏడాదిలోగా తర్వాతి మెట్టు ఎక్కితే వాళ్లు ఇంకా 'పిల్లలే'. లేదంటే 21 దాటినవాళ్లది, ఎఫ్2బీ అనే, ఏళ్ల తరబడి సాగే వరుసలోకి జారిపోతారు. పిటిషన్ నడుస్తుండగా ఆ అమ్మాయికో అబ్బాయికో పెళ్లి చేస్తే అది అక్కడితో రద్దు. మంచి సంబంధం వచ్చిందని 20 ఏళ్ల పిల్లకు ముహూర్తం పెట్టేముందు ఈ సంగతి ఆలోచించాలి.

హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు పిల్లల్ని హెచ్-4 అనే కుటుంబసభ్యుల వీసా మీద తెచ్చుకోవడం తేలిక. తర్వాతే కష్టం. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతం పరిమితి ఉండటంతో భారతీయుల క్యూ తరగడం లేదు. 14 ఏళ్లకు వచ్చిన పిల్లకు ఏడేళ్లే గడువు. 21 నిండితే స్టూడెంట్ వీసాకో మరోదానికో మారాలి. ఈలోగా తోటి పిల్లలు వేసవిలో ఐస్‌క్రీం షాపులో పనిచేసి డబ్బు సంపాదిస్తుంటే ఈ పిల్ల చెయ్యకూడదు. 2025 ఆగస్టు 15 నుంచి, అక్కడే ఉండి గ్రీన్‌కార్డు కోరే పిల్లల వయసు లెక్కకు నెలనెలా క్యూ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్‌లో ఫైనల్ యాక్షన్ తేదీలనే, అంటే గ్రీన్‌కార్డు చేతికిచ్చే తేదీలనే, చూస్తున్నారు. అంతకుముందైతే, వాటికన్నా ముందే వచ్చే ఫైలింగ్ తేదీలతో, అంటే దరఖాస్తు తీసుకునే తేదీలతో, బయటపడే వీలుండేది. అది పోయింది.

కాగితాల సంగతి చిన్నదే అయినా చాలామందికి దెబ్బ తగిలేది అక్కడే. మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది. టెన్త్ మెమోలో అది ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, బర్త్ సర్టిఫికెట్‌లో ఒక్కోసారి బిడ్డ పేరే ఉండదు. మా వాడి సర్టిఫికెట్‌లో తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో, పాస్‌పోర్టులో మొదటి భర్త ఇంటిపేరుతో ఉంది. దాన్ని సరిచేయించడానికి మా పిన్ని మున్సిపల్ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగిందో ఆవిడకే తెలియాలి. విడాకులైతే బిడ్డ ఎవరి సంరక్షణలో ఉందో చెప్పే కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ ముందే తీసిపెట్టుకోవాలి. 16 నిండితే పోలీస్ క్లియరెన్స్ కూడా కావాలి. ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూకు మనవాళ్లు వెళ్లాల్సింది ముంబయికి. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉంది కదా అని చివరిదాకా అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

తెచ్చుకోవాలన్నా తెచ్చుకోలేని తల్లులూ ఉన్నారు. కడప, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లినవాళ్లకు ఆ వీసా మీద పిల్లల్ని పిలిపించుకునే దారే లేదు. బ్రిటన్‌లో 2024 మార్చి 11 తర్వాత కేర్ వర్కర్ వీసాకు కొత్తగా దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకూ అంతే. ఏజెంటుకు డబ్బు కట్టేముందు ఈ ఒక్క ప్రశ్న అడగని కుటుంబాలను చూశాను. వెళ్లిన ఏడాదికి పాపను తీసుకెళ్తానని మాటిచ్చి బయలుదేరిన తల్లి ఆ మాట ఎలా నిలబెట్టుకుంటుంది?

మళ్లీ డాలస్‌కు వస్తాను. చట్టం కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఆ ఇల్లు. అమెరికా హైస్కూల్ 9 నుంచి 12 దాకా నాలుగేళ్లు. కాలేజీవాళ్లు ఆ నాలుగేళ్ల మార్కులూ చూస్తారు. స్నేహాలు, ఆటల జట్లు తొమ్మిదిలోనే కుదురుకుంటాయి. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తీసుకెళ్లాలనుకుంటే తొమ్మిదో తరగతి మొదలయ్యేలోపు తీసుకెళ్లండి. అది దాటిపోయి పిల్ల ఇంటర్ రెండో ఏడాదిలో ఉంటే, పుట్టినరోజు గడువేదీ మీదపడకపోతే, అది పూర్తి చేయనిచ్చి నేరుగా కాలేజీకి పంపండి. పన్నెండో తరగతి మధ్యలో తెచ్చి పడేయడం అన్నిటికంటే చెడ్డది. ఎవరితో కూర్చుని అన్నం తినాలో తెలియక లైబ్రరీలో మధ్యాహ్నాలు గడిపిన పిల్లలు నాకు తెలుసు.

ఇంకొకటి. పిల్లల్ని అడగండి. పదమూడేళ్ల పిల్లకు అన్నీ అర్థమవుతాయి. మా వాడు వచ్చిన రెండో నెలలో, రాత్రి భోజనాల దగ్గర, వాళ్లమ్మను అడిగాడు: "చెల్లి పుట్టినప్పటి నుంచి నీ దగ్గరే ఉంది. నన్నెందుకు ముందే తీసుకురాలేదు?" మా చెల్లెలు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని ఉండిపోయింది. నీ చదువు కోసం, అమ్మమ్మ కోసం అని చెప్పింది. "నన్నెవరూ అడగలేదుగా" అన్నాడు వాడు, అరవకుండా.

ఏటా సెలవులకు రప్పించుకుని అలవాటు చేద్దామంటే అదీ సులువు కాదు. శాశ్వతంగా వచ్చే పిటిషన్ నడుస్తున్న పిల్లలకు విజిటర్ వీసా దొరకడం కష్టం. కాబట్టి కదలాల్సింది పెద్దవాళ్లే. ఏడాదికి ఒక నెల పెళ్లిళ్లు, షాపింగులు లేకుండా తెనాలి ఇంట్లోనే కూర్చుంటే ఆ పిల్లాడి కోపం ఎలా ఉంటుందో, ఏ కూర ముట్టడో, ఏ రాత్రి నిద్రపోడో తల్లికి ముందే తెలిసేది. వీడియో కాల్‌లో అవి తెలియవు. మారుతండ్రికి కూడా ఆ నెల అవసరం. ఈయన మంచి మనిషి, మొదటి రోజు నుంచీ వాడిమీద ఏ హక్కూ చూపకుండా కారు నడపడం నేర్పాడు. ఇప్పుడు వాళ్లిద్దరికీ మాటలు కలిసింది కారులోనే.

అమ్మమ్మకు ఇప్పుడు విజిటర్ వీసా పెట్టారు. ఆ ఇంటర్వ్యూ మాత్రం హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడలో, తెలుగులోనూ మాట్లాడొచ్చు. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు, అంటే తెనాలిలో ఆవిడ కాఫీ తాగే వేళకు, వాడు ఫోన్ చేసి ప్రాక్టీస్ చేయిస్తున్నాడు. మొన్న నేను పక్కనే ఉన్నాను. "అమెరికాలో ఎవర్ని చూడటానికి వెళ్తున్నారు?" అని ఆఫీసరు గొంతుతో అడిగాడు.

"మా అబ్బాయిని" అంది ఆవిడ.

"అలా కాదమ్మా. మనవణ్ని అని చెప్పాలి."