ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రోగికి తెలియదు

మొన్నటి మన సంఘం వార్షిక సమావేశాల రెండో రోజు ఉదయం ఆరోగ్య సదస్సుకు వచ్చినవారికి ఆ నవ్వు గుర్తుండే ఉంటుంది. బరువు తగ్గించే శస్త్రచికిత్సల గురించి సర్జన్ గారు ఓపికగా వివరించారు. ప్రశ్నల వేళ నేను లేచి, ఆపరేషన్‌కు ముందు చేయించుకోవలసిన స్లీప్ ఆప్నియా (గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) పరీక్ష సంగతి కూడా చెప్పమని అడిగాను. ఆయన నోరు తెరిచేలోపే మైకు పట్టుకున్న మన కార్యవర్గ మిత్రులు, "అమ్మా, గురక పెట్టని మొగుడు ఏ ఇంట్లో ఉన్నాడో చెప్పండి, ఆయనకు సన్మానం చేద్దాం" అన్నారు. సభ గొల్లుమంది. తర్వాతి కార్యక్రమానికి వేదిక ఖాళీ చేయాలన్నారు, నా ప్రశ్న అంతటితో ముగిసింది.

ఆ మిత్రుల మీద నాకు కోపం లేదు. మావారికి కుంభకర్ణుడని పేరు పెట్టింది నేనే, నలుగురు చేరిన ప్రతిచోటా ఆయన గురకను అనుకరించి నవ్వించింది కూడా నేనే. గుర్రుపెట్టి నిద్రపోయేవాడు నిశ్చింతగా ఉన్నాడని నమ్మే ఇంట్లో పెరిగాను. ఆ నమ్మకంలో ప్రేమ ఉంది, కాబట్టే దాన్ని వదిలించుకోవడం ఇంత కష్టమైంది.

రెండేళ్ల క్రితం మావారికి పొట్ట పరిమాణం తగ్గించే ఆపరేషన్‌కు తేదీ ఖరారైంది. మత్తుమందు వైద్యుల దగ్గరకు వెళ్లినప్పుడు నర్సు ఒక కాగితం తీసి ఎనిమిది ప్రశ్నలు అడిగింది: గురక గట్టిగా వస్తుందా, పగలు అలసటగా ఉంటుందా, నిద్రలో మీ ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, రక్తపోటు ఉందా, ఆపైన బి.ఎం.ఐ. (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క), వయసు, మెడ చుట్టుకొలత, ఆడా మగా. స్టాప్-బ్యాంగ్ అనే ఈ ప్రశ్నావళిలో మూడో ప్రశ్నకు మావారు ఏ మాత్రం తడుముకోకుండా "లేదు" అన్నారు. అబద్ధం చెప్పలేదు, ఆయనకు తెలియదు. తెలిసినదాన్ని నేను. గురక ఉన్నట్టుండి ఆగిపోయి, ఛాతీ మాత్రం ఎగిరిపడుతూ, గాలి లోపలికి పోని ఆ నిశ్శబ్దంలో చీకట్లో పడుకుని అంకెలు లెక్కపెట్టడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. ఒక రాత్రి ఇరవై ఆరు దాకా లెక్కపెట్టాను. ఆ మాట చెప్పగానే నర్సు కలం కింద పెట్టి, కుర్చీ నా వైపు తిప్పుకుంది.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఇచ్చారు. ఛాతీకి పట్టీ, ముక్కు దగ్గర సన్నని గొట్టం, వేలికి క్లిప్పు, అంతే. గంటకు 42 సార్లు ఊపిరి ఆగుతోందని లేదా బాగా తగ్గిపోతోందని తేలింది. ఐదు దాటితే జబ్బుగా, పదిహేను దాటితే మధ్యస్థంగా, ముప్పై దాటితే తీవ్రంగా లెక్కిస్తారు. ఆపరేషన్ ఆరు వారాలు వాయిదా పడింది. మావారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ ఆరు వారాలు ఎందుకో తెలిస్తే ఆయన కోపం రెండు రోజులు కూడా నిలిచేది కాదేమో. నిద్రలో గొంతు వెనుక కండరాలు వదులై దారి మూసుకుపోయినప్పుడు రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, అప్పుడు మెదడు ఉలిక్కిపడి మనిషిని క్షణకాలం లేపుతుంది. మనకు వినిపించే ఆ పెద్ద ఎగశ్వాస అదే. మత్తుమందు ప్రభావం, మార్ఫిన్ వంటి నొప్పి మందులు ఆ కండరాలను ఇంకా వదులు చేస్తాయి, తట్టి లేపే ఆ మెలకువనూ మందగింపజేస్తాయి. పైగా పొట్ట మీద కోతతో వెల్లకిలా పడుకోవలసి వస్తుంది. జబ్బు ఉన్నట్టు ముందే తెలిస్తే గొంతులో గొట్టం వేయడానికి తగిన ఏర్పాట్లతో వస్తారు, అలాంటి మందులు తగ్గిస్తారు, తలవైపు మంచం ఎత్తుతారు, రాత్రంతా ఆక్సిజన్ చూస్తారు, సీపాప్ యంత్రాన్ని ఇంటి నుంచే తెచ్చుకోమంటారు.

సీపాప్ సిడ్నీకి చెందిన కాలిన్ సల్లివన్ కనిపెట్టి 1981లో లోకానికి తెలిపిన పద్ధతి. ముక్కు మీది మాస్కు ద్వారా కొద్ది ఒత్తిడితో గాలి పంపి, మూసుకుపోయే దారిని తెరిచి ఉంచుతుంది. మొదటి వారం మావారు దాన్ని రాత్రి రెండింటికి పీకి పారేసేవారు. మాస్కు మార్పించాక నాలుగో వారానికి తెల్లవార్లూ ఉంచుకున్నారు. ఆ గాలి ఒత్తిడికి లోపలి కుట్లు ఊడతాయేమోనని ఆయన భయం. ఇంతవరకు జరిగిన అధ్యయనాల్లో సీపాప్ వల్ల కుట్ల దగ్గర లీకులు పెరిగినట్టు కనబడలేదని వైద్యులు నచ్చజెప్పారు.

అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. ఆపరేషన్‌కు వచ్చే ప్రతి ఒక్కరికీ రాత్రి పరీక్ష చేయాలా, లేక ప్రశ్నావళిలో అనుమానం వచ్చినవారికి చాలా అన్న విషయంలో వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. వాయిదా వల్ల ధైర్యం సడలి ఆపరేషన్ మానుకునేవారూ ఉంటారు. అయినా నా తూకం పరీక్ష వైపే మొగ్గుతుంది, దానికి మనకు సంబంధించిన కారణం ఒకటుంది. 1991 నుంచి చెలామణీలో ఉన్న నియమం ప్రకారం బి.ఎం.ఐ. 40 దాటినవారికి, లేదా తీవ్రమైన అనుబంధ వ్యాధులుంటే 35 దాటినవారికి ఈ శస్త్రచికిత్స చేసేవారు. 2022లో బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే) సర్జన్ల సంఘాలు మార్గదర్శకాలు సవరిస్తూ ఆసియా మూలాల వారికి 27.5 దాటితే చేయవచ్చన్నాయి. ఆసియా వాళ్లలో తక్కువ బరువుకే స్లీప్ ఆప్నియా కనిపిస్తుంది కూడా. కానీ ఆ ఎనిమిది ప్రశ్నల్లో బి.ఎం.ఐ.కి గీత 35 దగ్గర ఉంది. 29 ఉన్న మనవాడికి అక్కడ సున్నా పడుతుంది, పగటి అలసటను పని ఒత్తిడి ఖాతాలో వేసుకుంటాడు, ఇక అతణ్ణి పట్టించగలిగేది పక్కన పడుకున్న మనిషి మాట ఒక్కటే. ఆ మనిషి మాట మీదే మనం నవ్వాం.

బరువు తగ్గాక చాలామందికి జబ్బు తగ్గుతుంది, అందరికీ పూర్తిగా పోదు. మావారు ముప్పై కిలోలు తగ్గాక యంత్రాన్ని అటకెక్కించబోతే మళ్లీ పరీక్ష చేయించాను. 42 కాస్తా 11 అయింది. యంత్రం ఇంకా మంచం పక్కనే ఉంది, ఒత్తిడి మాత్రం తగ్గించారు.

కార్యవర్గానికి నా మనవి చిన్నది. మన వైద్య శిబిరంలో రక్తపోటు చూసే బల్ల మీద ఒక కొలత టేపు, ఆ ఎనిమిది ప్రశ్నల కాగితం తెలుగులో పెట్టండి. మెడ 40 సెంటీమీటర్లు దాటిందో లేదో చూడడానికి నిమిషం పట్టదు. మూడో ప్రశ్న దగ్గర భార్యనో భర్తనో పిలిచి అడగండి. వచ్చే ఏడాది సదస్సులో దీనికి పది నిమిషాలు కేటాయించి, మైకు ఒక్కసారి మావారికి ఇవ్వండి. గురక మీద జోకు ఆయనే వేస్తానన్నారు.