బాయ్‌కాట్ గారూ, పక్క కొట్టు అడ్రసు కూడా పెట్టండి

శ్రీ బాయ్‌కాట్ గారికి,
కేరాఫ్ ఒంగోలు వాట్సాప్ గ్రూపులు.

నమస్కారం. ఫలానా కంపెనీని బహిష్కరించండంటూ తమరు మా ఊరికి వారానికో పేరు మీద దిగుతుంటారు. ఈ వారం ఏదో ఇంటర్నెట్ బిల్లుకు వంత పాడిందని ఒక టెక్ కంపెనీ మీద దిగారు. బిల్లు పేరేమిటో, అందులో ఏముందో మెసేజీలో ఒక్క ముక్క లేదు. "రోషం ఉంటే పది మందికి పంపు" అని మాత్రం ఉంది. రోషం ఉంది కాబట్టి పంపాం. ఆ కంపెనీ ఫోన్లోంచే, ఆ కంపెనీ యాప్‌లోంచే పంపాం.

నేను ట్రంకు రోడ్డు పక్కన చిన్న గది అద్దెకు తీసుకుని వెబ్‌సైట్లు చేసి పెడుతుంటాను. గ్రానైటు వాళ్లు, రొయ్యల హేచరీల వాళ్లు, ఒకటి రెండు కల్యాణ మండపాలు, ఇదీ నా బేరం. అందుకే తమరు నిజంగా వెలిగిన రోజులు నాకు బాగా గుర్తు. 2011 డిసెంబరు. అమెరికా కాంగ్రెస్‌లో సోపా అని ఒక బిల్లు నడుస్తోంది. పైరసీని అరికట్టడానికని పేరు. కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంటే చాలు, ఫలానా విదేశీ సైటు పేరు కొట్టినా తెరుచుకోకుండా చెయ్యొచ్చు, సెర్చ్‌లో లింకులు తీయించొచ్చు, దానికొచ్చే డబ్బులు ఆపించొచ్చు. సైట్లకు పేర్లు అమ్ముకుని బతికే గోడాడీ కంపెనీ, పేర్లు మాయం చేసే ఆ బిల్లుకు జై కొట్టింది. ఏం తెలివో!

డిసెంబరు 22న తమరు కేక వేశారు. తెల్లారేసరికి గోడాడీ మద్దతు వెనక్కి తీసుకుంది. ఇంటర్నెట్ జనం ఒప్పుకున్న రోజునే మేమూ ఒప్పుకుంటామంది. 29న ఏకంగా ఆ బిల్లుకు మేం వ్యతిరేకం అంది. మా జిల్లాల్లో నాయకులు సైతం కండువా మార్చడానికి ఎన్నికలొచ్చే దాకా ఓపిక పడతారు. వీళ్లు వారం తిరక్కుండా రెండుసార్లు మార్చారు.

మరి వాళ్లకు అంత నష్టం వచ్చిందా? 23న ఒక్కరోజే 21 వేల పైచిలుకు డొమైన్లు, అంటే సైట్ల పేర్లు, గోడాడీని వదిలి పోయాయని అప్పటి వార్తలు. వాళ్ల చేతిలో ఉన్నవి దాదాపు అయిదు కోట్లు. లెక్కేస్తే పదివేలకు నాలుగు. దానికి ఎవరూ కుదేలు కారు. కానీ వికీపీడియా పేర్లు కూడా అక్కడి నుంచి తీసేస్తామని, దాని స్థాపకుల్లో ఒకడైన జిమ్మీ వేల్స్ ప్రకటించాడు. పక్కనే నేమ్‌చీప్ అనే ఇంకో కొట్టు రండి రండి అని డిస్కౌంటు పెట్టి, మారిన ప్రతి పేరుకూ ఒక డాలరు ఇంటర్నెట్ హక్కుల సంస్థకు ఇస్తానంది. ఇదీ అసలు సంగతి. గోడాడీకి భయం పుట్టించింది తమరి కేక కాదు సార్, పక్క కొట్టు షట్టరు తెరిచి ఉండటం.

2015 ఏప్రిల్‌లో మన దగ్గరా ఇదే తంతు. డబ్బు కట్టిన కంపెనీల యాప్‌లను మాత్రం జనానికి డేటా ఖర్చు లేకుండా ఇచ్చే ఎయిర్‌టెల్ జీరో పథకంలో చేరబోయిన ఫ్లిప్‌కార్ట్ యాప్‌కు జనం ఒక్క స్టారు చొప్పున వడ్డించారు. అది వెనక్కి తగ్గింది. అక్కడా జేబులో ఇంకో షాపింగ్ యాప్ సిద్ధంగా ఉంది మరి.

అసలు వదిలిపోవడమంటే ఏమిటో తమరు మెసేజీలో ఎందుకు రాయరు? మొన్న చీమకుర్తి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. "అబ్బయ్యా, ఆ కంపెనీలో మన పేరు ఉండబళ్లా. పీకెయ్" అన్నాడు. అట్టాగే సార్ అని కూర్చున్నా. ముందు డొమైను లాకు తియ్యాలి. తర్వాత బదిలీ కోడు తెచ్చుకోవాలి. ఆ కోడు రిజిస్టరైన ఈమెయిలుకు వస్తుంది. ఈమెయిలు ఎవరిదని అడిగితే, ఆయన కాసేపు ఫ్యాను వంక చూశాడు. పదేళ్ల కింద సైటు చేయించింది బావమరిది. మెయిలు అతనిది. పొలం గట్టు దగ్గర తగాదా పడి ఇద్దరికీ మాటల్లేవు. అంటే ఆ కంపెనీని బహిష్కరించాలంటే ముందు బావమరిది మీద బహిష్కరణ ఎత్తెయ్యాలి. "అయితే ఇప్పటికి స్టేటస్ పెట్టుకుంటాలే" అని టీ తాగి వెళ్లాడు.

మా వైపు వాళ్లకు తమరు కొత్త చుట్టం కూడా కాదు. చీరాల తెలుసు గదా? (మొన్న 2022లో ఏ కోడూ అడక్కుండా బాపట్ల జిల్లాకు బదిలీ అయిపోయింది. మాకు ఇప్పటికీ మా చీరాలే.) మున్సిపాలిటీ పెట్టి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలమంది ఇళ్లకు తాళాలేసి, ఊరి బయట రామనగరం అని పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఎండా వానా అన్నీ ఆ పాకల్లోనే. ఆఖరికి తిరిగి రాక తప్పలేదు. గోడాడీ ఒక్క రాత్రిలో దిగొచ్చింది, తెల్లదొర దిగిరాలేదు. మున్సిపాలిటీకి పక్క కొట్టు ఉండదు. ఆ చిన్న తేడా తమరి మెసేజీల్లో ఎక్కడా కనపడదు.

సోపా కూడా గోడాడీతో చావలేదు. కంపెనీ మాట మార్చాక కూడా బిల్లు బిల్లులాగే ఉంది. 2012 జనవరి 18న ఇంగ్లీషు వికీపీడియా 24 గంటలు తెర మూసేసి, మీ ప్రతినిధికి ఫోను చెయ్యండని చెప్పింది. జనం నిజంగానే చేశారు. 20న బిల్లును పక్కన పెట్టారు. ఓటు అడిగేవాడికి ఫోను మోగాలి. మెప్పు మాత్రం తమరు కొట్టేశారు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. 1992లో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటివాళ్లు "సారా మానండి" అని మగవాళ్లకు సుద్దులు చెప్తూ కూర్చోలేదు. కొట్లు మూయించారు. నెల్లూరులో సారా వేలంపాటలే జరగనియ్యలేదు. సర్కారుకు డబ్బొచ్చే చోటే అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబరుకల్లా రాష్ట్రమంతా సారా బందు. వాళ్లలో చాలామంది అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్నవాళ్లు. తమరి గ్రూపుల్లో అందరూ డిగ్రీలవాళ్లే.

కాబట్టి సార్, ఈసారి కంపెనీ మీదికి వస్తే పక్క కొట్టు పేరు, మారే పద్ధతి రాసి రండి. చట్టం మీదికి వస్తే అందులో ఏముందో రాసి, మా ఎంపీ ఆఫీసు నంబరు పెట్టండి. రెండూ కుదరకపోతే ఆ వారం సెలవు తీసుకోండి, మా డేటా అయినా మిగులుతుంది.

చీమకుర్తి పెద్దాయన డొమైను గడువు వచ్చే నెలతో అయిపోతుంది. రెన్యువల్ మెయిలు కూడా ఆ బావమరిదికే పోతుంది. వాళ్లిద్దరికీ రాజీ కుదిర్చే ఉపాయమేదైనా తమరి దగ్గరుంటే ముందు అది పంపండి.

ఇట్లు,
ట్రంకు రోడ్డు వెబ్‌సైట్ల వాడు