‘మనవాడు గెలిస్తే టాక్స్ తగ్గుతుంది’: ఆ మెసేజ్‌లో ఏ పని ఎవరి చేతిలో ఉంది?

అక్టోబర్ వచ్చిందంటే న్యూజెర్సీ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఊరు మారుతుంది, అభ్యర్థి పేరు మారుతుంది, సారాంశం మాత్రం ఇదే: "మన టౌన్‌షిప్ కౌన్సిల్‌కి మనవాడు నిలబడ్డాడు. గెలిస్తే ప్రాపర్టీ టాక్స్ తగ్గిస్తాడు, స్కూల్ రేటింగ్ పెంచుతాడు, కొత్త అపార్ట్‌మెంట్లు ఆపేస్తాడు, మెయిన్ రోడ్డు మీద సిగ్నల్ పెట్టిస్తాడు. ఓట్లన్నీ గంపగుత్తగా వేద్దాం. తలా వంద డాలర్లు ఇద్దాం. పది మందికి పంపండి."

మనవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడటం మంచిదే, ఆ అభ్యర్థితో నాకు పేచీ ఏమీ లేదు. పేచీ అంతా ఈ మెసేజ్‌తోనే. ఇందులో చెప్పిన నాలుగు పనుల్లో కౌన్సిల్ (ఊరి పాలకమండలి) సభ్యుడి చేతిలో ఉన్నది చాలా తక్కువ. నిజంగా అతని చేతిలో ఉన్నవాటి ఊసే లేదు.

"ప్రాపర్టీ టాక్స్ తగ్గిస్తాడు."

ముందు మీ టాక్స్ బిల్లు తీసి చూడండి. కట్టేది టౌన్‌షిప్ పేరు మీదే కాబట్టి డబ్బంతా వాళ్లకే పోతుందనుకుంటాం. బిల్లు మీద స్కూలు, కౌంటీ (మన జిల్లా లాంటిది), మున్సిపల్ (అంటే టౌన్‌షిప్) అని వరసలు విడివిడిగా ఉంటాయి. రాష్ట్రం మొత్తం మీద చూస్తే సగానికి పైగా స్కూళ్లకే పోతుంది. స్కూలు, కౌంటీ వాటాల విషయంలో టౌన్‌షిప్ చేసేది వసూలు చేసి అప్పజెప్పడమే.

2024లో న్యూజెర్సీ సగటు బిల్లు 10,000 డాలర్లు దాటింది. లెక్క సులువుగా ఉండటానికి బిల్లు 10,000, అందులో టౌన్‌షిప్ వాటా 3,000 అనుకుందాం. మనవాడు కౌన్సిల్‌లో మిగతావాళ్లని ఒప్పించి ఆ వాటాలో పదో వంతు కోయించాడే అనుకోండి. పోలీసుల జీతాలు, హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్లు, అప్పుల వాయిదాలు పోగా కోయడానికి ఏం మిగులుతుందో బడ్జెట్ తిరగేసినవాళ్లకి తెలుసు, అయినా కోయించాడనే అనుకుందాం. మీకు కలిసొచ్చేది ఏడాదికి 300 డాలర్లు. అదే ఏడాది మిగతా 7,000 మీద 2 శాతం పెరిగితే 140 డాలర్లు అటు పోతాయి.

మన బిల్లు ఏటా 2 శాతానికి మించి పెరగదని ఒక అపోహ కూడా ఉంది. 2011 నుంచి అమల్లో ఉన్న 2 శాతం పరిమితి టౌన్‌షిప్ గానీ స్కూల్ బోర్డు గానీ మొత్తంగా వసూలు చేసే పన్ను మీద. మీ ఒక్క ఇంటి బిల్లుకి అది వర్తించదు. అప్పుల వాయిదాల లాంటి వాటికి మినహాయింపులు కూడా ఉన్నాయి. ఊరంతా ఇళ్ల విలువలు మళ్లీ లెక్కగట్టిన ఏడాది పక్కింటివాళ్లకి తగ్గి మీకు పెరగొచ్చు, అందులో కౌన్సిల్ తప్పూ ఉండదు, గొప్పా ఉండదు.

ఎన్నికల ఏడాది ‘ఈసారి పన్ను పెంపు సున్నా’ అని కరపత్రం వస్తే ఒక్కటే అడగండి: మిగులు నిధిలోంచి ఎంత వాడారు? పాత మిగులు ఊడ్చేసి ఈ ఏడాది సున్నా చూపించి, వచ్చే ఏడాది ఒక్కసారిగా పెంచడం బడ్జెట్ విద్యల్లో చాలా పాతది. దీనికి సూటిగా జవాబు చెప్పగలిగిన అభ్యర్థి ఏ కులమైనా, ఏ భాషైనా నా ఓటుకి దగ్గరగా వచ్చినట్టే.

"స్కూల్ రేటింగ్ పెంచుతాడు."

కౌన్సిల్‌లో కూర్చుని పెంచలేడు. న్యూజెర్సీలో దాదాపు అన్ని ఊళ్లలో స్కూల్ బోర్డు వేరే, దాని ఎన్నిక వేరే, అక్కడ పార్టీ గుర్తులుండవు, సభ్యులకి జీతం ఉండదు. స్కూళ్లని నడిపే సూపరింటెండెంట్‌ని పెట్టుకునేదీ, టీచర్లతో కాంట్రాక్టు ఒప్పుకునేదీ, బడ్జెట్ వేసేదీ ఆ బోర్డే. ఎన్నికని నవంబర్‌కి మార్చుకున్న స్కూల్ డిస్ట్రిక్టుల్లో బడ్జెట్ ఆ 2 శాతం పరిమితి లోపు ఉంటే దాని మీద జనం ఓటు కూడా ఉండదు. అంటే మన బిల్లులో అతి పెద్ద ముక్క మీద మనకున్న పట్టు బోర్డు సభ్యుల్ని ఎన్నుకోవడం ఒక్కటే. తీరా బ్యాలెట్‌లో పై పేర్లకి ఓటేసి ఆ వరసని ఖాళీగా వదిలేసి వచ్చేవాళ్లు మనలోనే బోలెడుమంది.

"కొత్త అపార్ట్‌మెంట్లు ఆపేస్తాడు."

ఇది అన్నిటికన్నా ఎక్కువ చప్పట్లు కొట్టించుకునే హామీ, అన్నిటికన్నా ప్రమాదకరమైనది కూడా. మౌంట్ లారెల్ అనే టౌన్‌షిప్ మీద నడిచిన కేసులో 1975లోనూ, 1983లోనూ న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, తక్కువ, మధ్య ఆదాయాల వాళ్లు ఉండగలిగే ఇళ్లకి ప్రతి ఊరూ తన వంతు చోటు కల్పించాలి. 2024లో వచ్చిన చట్టం ప్రకారం ఏ ఊరి వంతు ఎంతో కొత్తగా లెక్కగట్టారు. 2025 జులైతో మొదలైన ఈ విడత పదేళ్లు నడుస్తుంది.

"మేం ఒప్పుకోం" అని కౌన్సిల్ భీష్మించుకుంటే ఏమవుతుంది? బిల్డర్ల దావాల నుంచి ఊరికి ఉండే రక్షణ పోతుంది. అప్పుడు బిల్డర్ కోర్టుకెళ్లి, మీ జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే నియమాలు) ఒప్పుకునే దానికన్నా ఎక్కువ ఇళ్లు, తను ఎంచుకున్న స్థలంలో కట్టుకోవడానికి అనుమతి తెచ్చుకోగలడు. ఆపుతానన్నవాడే అడ్డులేకుండా చేసినట్టవుతుంది. కాబట్టి ‘ఆపుతారా’ అని అడిగి లాభం లేదు, ఎక్కడ, ఎంత ఎత్తు, నీళ్లు ఎటు పోతాయి, దారి ఎటు పెడతారు అని అడగాలి. ఇవి కౌన్సిల్ రాసే జోనింగ్ ఆర్డినెన్సులో, అంటే ఊరి చట్టంలో, తేలతాయి.

అసలు అధికారం ఉన్న ఇంకో చోటు పైలట్ ఒప్పందం. విమానాలతో సంబంధం లేదు, మామూలు ప్రాపర్టీ టాక్స్‌కి బదులు డెవలపర్ టౌన్‌షిప్‌కి కట్టే సొమ్ముని అలా పిలుస్తారు. పునరభివృద్ధి ప్రాంతంగా ప్రకటించిన చోట ఇలాంటి ఒప్పందం 30 ఏళ్ల దాకా సాగొచ్చు. ఆ సొమ్ములో 95 శాతం టౌన్‌షిప్‌కి, 5 శాతం కౌంటీకి. స్కూళ్లకి వాటా ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. ఆ అపార్ట్‌మెంట్లలోంచి పిల్లలు బడికి వస్తారు, బడి ఖర్చు మాత్రం మిగతా ఇళ్ల మీద సర్దుకోవాలి. స్కూళ్లకి కొంత ఇవ్వాలని కౌన్సిల్ అనుకుంటే ఒప్పందంలో రాయించుకోవచ్చు. టాక్స్, స్కూలు, అపార్ట్‌మెంట్లు మూడూ ఒక్క ఓటులో కలిసే ఈ విషయం ఏ ఫార్వర్డ్‌లోనైనా మీకు కనిపించిందా?

ఇంకో మాట. మీ ఇంటికి 200 అడుగుల లోపు ఎవరైనా జోనింగ్ మినహాయింపు కోసమో ప్లాన్ అనుమతి కోసమో దరఖాస్తు పెడితే విచారణకి కనీసం పది రోజుల ముందు మీకు నోటీసు పంపాలి. ఆ సర్టిఫైడ్ కవర్‌ని ప్రకటనల కాగితం అనుకుని చెత్తలో వేసి, కాంక్రీటు లారీలు వచ్చాక గ్రూపులో ఏడవడం మనకి అలవాటు. ఆ దరఖాస్తు వినేది ప్లానింగ్ బోర్డు లేదా జోనింగ్ బోర్డు. స్థలం వాడకాన్నే మార్చే మినహాయింపు కావాలంటే జోనింగ్ బోర్డులో ఏడుగురికి ఐదుగురు ఒప్పుకోవాలి. ఆ బోర్డుల్లో ఎవరు కూర్చోవాలో తేల్చేది మాత్రం ఊరి పద్ధతిని బట్టి మేయరో కౌన్సిలో. ‘మీరు గెలిస్తే ఎలాంటివాళ్లని వేస్తారు?’ అని అభ్యర్థిని అడిగినవాళ్లని నేనైతే చూడలేదు.

"మెయిన్ రోడ్డు మీద సిగ్నల్ పెట్టిస్తాడు."

ఆ రోడ్డు మీద నీలం ఐదు మూలల బోర్డులో పసుపు అంకె ఉందేమో చూడండి. ఉంటే అది కౌంటీ రోడ్డు, అడగాల్సింది కౌంటీ కమిషనర్లని. వాళ్ల పేర్లు కూడా బ్యాలెట్ మీద వస్తూనే ఉంటాయి. రాష్ట్ర హైవే అయితే రాష్ట్ర రవాణా శాఖని. టౌన్‌షిప్ తీర్మానం చేసి ఉత్తరం రాయగలదు, అంతే.

"ఓట్లన్నీ గంపగుత్తగా వేద్దాం."

మన అందరి అవసరాలూ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. ఇండియా నుంచి వచ్చి ఆర్నెల్లు ఉండే అమ్మానాన్నలు సాయంత్రం వాకింగ్‌కి బయల్దేరితే ఫుట్‌పాత్ లేక, వెనక నుంచి కార్లు దూసుకుపోతుంటే తెల్లగీతకి ఇవతల ఒకరి వెనక ఒకరు నడుస్తూ కనిపిస్తారు. టౌన్‌షిప్ రోడ్డయితే అక్కడ ఫుట్‌పాత్ వేయించడం పూర్తిగా కౌన్సిల్ పని. 2021 సెప్టెంబర్ 1న ఇడా తుపాను వానకి ఈ రాష్ట్రంలో 30 మంది చనిపోయారు, ఎన్నో బేస్‌మెంట్లు మునిగాయి. వాననీటి కాలవలూ టౌన్‌షిప్ పనే. వాటికి ప్రత్యేక ఫీజు పెట్టి నిర్వహించుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది, ఆ ఫీజు కావాలా వద్దా అన్నది అభ్యర్థులు తేల్చి చెప్పాల్సిన సంగతి. గుడికి పార్కింగ్, క్రికెట్ పిచ్, లైబ్రరీ వేళలు కూడా ఇక్కడే తేలతాయి. మన సంగతులు తెలిసినవాడు లోపల ఉంటే వీటిలో కొన్ని సులువవుతాయి, కాదనను. కానీ ఇంటిపేరు చూసి ఓటేస్తే వీటిలో ఏది ముందో అతనికి చెప్పినవాళ్లెవరు?

మెసేజ్‌లో ‘మేయర్ అభ్యర్థి’ అని కూడా రాస్తుంటారు. టౌన్‌షిప్ కమిటీ పద్ధతి ఉన్న ఊళ్లలో మేయర్‌ని జనం ఎన్నుకోరు. గెలిచిన ముగ్గురో ఐదుగురో జనవరిలో తమలో ఒకర్ని పెట్టుకుంటారు.

"తలా వంద డాలర్లు ఇద్దాం."

ఇక్కడ నవ్వులాట లేదు. హెచ్‌1బీ, ఎల్‌1, హెచ్‌4, ఎఫ్‌1 వీసాల మీద ఉన్నవాళ్లు ఏ స్థాయి ఎన్నికకీ విరాళం ఇవ్వకూడదని ఫెడరల్ చట్టం. టౌన్‌షిప్ ఎన్నిక కూడా అందులోకే వస్తుంది. వాళ్లని తెలిసి అడగడమూ, తీసుకోవడమూ నిషిద్ధమే. మూడొందల మంది ఉన్న గ్రూపులో ఎవరికి ఏ వీసా ఉందో చూడకుండా జెల్ (డబ్బు పంపే సర్వీసు, Zelle) నంబర్ పెట్టేవాళ్లు తాము గెలిపించాలనుకున్న మనిషికే చిక్కు తెస్తున్నారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు విరాళం ఇవ్వొచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్ దగ్గర తొందరలో ఓటరు నమోదుకి టిక్కు పెట్టేస్తే రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తుకే గండం.

ఓటు లేనివాళ్లకీ ఒక దారి ఉంది. కౌన్సిల్ మీటింగుల్లో జనం మాట్లాడే సమయం చట్టప్రకారం ఉండాల్సిందే. మైకు దగ్గర పేరు, చిరునామా అడుగుతారు, పాస్‌పోర్టు రంగు అడగరు. పైలట్ ఆర్డినెన్స్ అయినా, జోనింగ్ ఆర్డినెన్స్ అయినా రెండోసారి చదివే రోజున ఓటింగుకి ముందు జనం మాట వినాలి. ఆ తేదీ అజెండాలో ఉంటుంది. ఈసారి గ్రూపులో పది మందికి పంపాలనిపిస్తే అది పంపండి.