భీమిలి బేరం

(నెల్లూరు. ఆదివారం పొద్దున. పెంచలయ్య పేపర్లో ధరల పేజీ చదువుతున్నాడు. ఆయన పేపరు అక్కడినుంచే మొదలుపెడతాడు.)

కామాక్షి: ఏమండీ, సెలవులకి పిల్లల్ని తీసుకుని భీమిలి పోదామా?

పెంచలయ్య: ఏముందే అక్కడ?

కామాక్షి: సముద్రం.

పెంచలయ్య: మైపాడులో ఉండేదేంది, చెరువా?

కామాక్షి: గోస్తనీ నది అక్కడే సముద్రంలో కలుస్తుందంట.

పెంచలయ్య: పెన్నా కూడా కలుస్తుంది. చూడ్డానికి ఎప్పుడన్నా ఊటుకూరు పోయావా?

కామాక్షి: ఒడ్డునే పావురాలకొండ ఉంది. బౌద్ధుల కాలం నాటి కట్టడాలున్నాయి. నరసింహస్వామి గుడి కూడా ఉంది.

పెంచలయ్య: ఇక్కడ నరసింహకొండలో ఒక స్వామి, పెంచలకోనలో ఒక స్వామి. నా పేరే పెంచలయ్య! ఆరొందల కిలోమీటర్లు రైలెక్కి ఇంకో స్వామి దగ్గరికి పోతే వీళ్ళిద్దరూ ఏమనుకుంటారు?

కామాక్షి: ఎక్కడున్నా స్వామి ఒక్కడే కదండీ.

పెంచలయ్య: నేనూ అదే అంటున్నా. ఒక్కడే అయినప్పుడు దగ్గరుండే గుడికి పోతే సరిపోదా?

కామాక్షి: హైవే మీద పోతే పక్కనే కంబాలకొండ అడవి...

పెంచలయ్య: వెలిగొండల్లో కావాల్సినంత అడవి.

కామాక్షి: మరి ఎర్రమట్టి దిబ్బలు? వాటిని కాపాడాలని 2014లో జాతీయ గుర్తింపు కూడా ఇచ్చారు.

పెంచలయ్య: మట్టికి టికెట్టు కొనాలా? మన వీధి తవ్వి పడేశారు కదా, గేటు తీసి చూడు.

కామాక్షి: డచ్చివాళ్ళ సమాధులున్నాయి...

పెంచలయ్య: సెలవుల్లో ఎవరైనా పిల్లలకి సమాధులు చూపిస్తారా? అయినా డచ్చివాళ్ళు పులికాట్‌లోనూ చచ్చారు.

కామాక్షి: భీమిలి మున్సిపాలిటీ 1861లో వచ్చింది. మన నెల్లూరిది 1866.

పెంచలయ్య: (పేపరు దించి) ఎవరు చెప్పారు?

కామాక్షి: పెద్దాడి జీకే పుస్తకం.

పెంచలయ్య: ఐదేళ్ళు ముందొస్తే గొప్పా? మా అన్న నాకంటే ఐదేళ్ళు పెద్ద, ఏం సాధించాడు?

కామాక్షి: సరే, మీరన్నట్టే కానీండి. ఈ ఆదివారం మైపాడు, పై ఆదివారం నరసింహకొండ, తర్వాత పెంచలకోన, ఆ తర్వాత పులికాట్. కారు మాట్లాడండి. అన్నీ దగ్గరే కదా, మా అమ్మానాన్నల్ని కూడా రమ్మంటా.

(పెంచలయ్య పేపరు అంచున పెన్నుతో లెక్కలు వేస్తాడు.)

పెంచలయ్య: ఒకటి తూర్పు, రెండు పడమర, ఒకటి దక్షిణం... పులికాట్ సమాధులంటే తమిళనాడు లోపలికి పోవాలి... మీ నాన్న ముందు సీటు వదలడు, కనిపించిన టీ బంకు దగ్గరల్లా ఆపమంటాడు... స్లీపర్ టికెట్టు ఎంతుందో చూడు.

కామాక్షి: ఎక్కడికి?

పెంచలయ్య: భీమిలికే! అన్నీ ఒక్కచోటే ఉంటే నాలుగు దిక్కులా తిరగడం దండగ. మొదట్నుంచీ నేను మొత్తుకునేది అదే కదా!

కామాక్షి: విశాఖలో దిగి మళ్ళీ బస్సెక్కాలి.

పెంచలయ్య: ఎక్కుదాం. చేపల పులుసు మాత్రం కట్టుకుపోదాం.

కామాక్షి: సముద్రం ఒడ్డుకి చేపలు మోసుకుపోతారా ఎవరైనా?

పెంచలయ్య: వాళ్ళకి చేపలుంటాయే. మన పులుసు యాడుంటది? మామిడికాయ ముక్కలు నాలుగు ఎక్కువెయ్యి. రెండో రోజుకి గానీ దానికి రుచి రాదు.

కామాక్షి: ఆ వాసనకి బోగీలో అందరూ తిడతారు.

పెంచలయ్య: తిట్టినోళ్ళకి ఓ గరిటె పెట్టు. లోయర్ బెర్తు వాళ్ళే ఇస్తారు.