రాయి విసిరితే పక్షి లేస్తుంది, ఫొటో లేవదు

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. "ఎగిరే పక్షుల ఫొటోలు: ప్రొఫెషనల్స్ దాచిపెట్టే ఆరు రహస్యాలు." ఈసారి పంపింది, నాకు కెమెరా పట్టుకోవడం నేర్పిన పెద్దమనిషే. ఇక నోరు మూసుకుని కూర్చోలేను.

మొదటి రహస్యం: షట్టర్ స్పీడ్ 1/2000 కంటే తగ్గితే, అంటే కెమెరా షట్టర్ సెకనులో రెండువేలో వంతు కంటే ఎక్కువసేపు తెరిచి ఉంటే, ఆ ఫొటో చెత్తబుట్టకే. ఒక్కో ఈకా లెక్కపెట్టుకోవాలంటే అంత వేగం కావాలి, కాదనను. ఎగురుతున్నట్టు కనబడాలంటేనో? నారాయణ పక్షి సెకనుకు రెండు మూడు సార్లు రెక్కలాడిస్తుంది. 1/15 పెట్టి పక్షితోపాటు కెమెరాను తిప్పితే, షట్టర్ తెరిచి ఉన్న కాస్తలో రెక్క తన ఆడింపులో సుమారు ఆరో వంతు కదులుతుంది. కన్ను, ముక్కు నిలబడతాయి. రెక్క కొసలు తడి కుంచెతో లాగినట్టు పరుచుకుంటాయి, వెనకాల రెల్లు గీతలుగా సాగిపోతుంది. 1/2000లో అదే పక్షి ఆకాశానికి మేకు కొట్టి తగిలించినట్టుంటుంది. ఫొటోగ్రాఫర్ ఎర్న్‌స్ట్ హాస్ 1956లో స్పెయిన్ ఎద్దుల పోరును నెమ్మది షట్టర్‌తో తీశాడు. పాపం, ఆయనకు ఈ మెసేజ్ అందలేదు.

ట్రైపాడ్ తప్పనిసరట. నడుము తిరిగితే చాలు. స్టెబిలైజేషన్, అంటే చేతి వణుకును సరిచేసే ఏర్పాటు, ఆపేయాలట. చాలా టెలిఫొటో లెన్సుల్లో పానింగ్ కోసమే, అంటే ఇలా కెమెరా తిప్పుతూ తీయడానికే, ఒక మోడ్ ఉంది, అడ్డం కదలికను వదిలేసి నిలువు వణుకునే సరిచేస్తుంది. లెన్సు పక్కనున్న మీటను ఒకసారి చూసుకోండి. ఎండలో స్లో షట్టర్ అసాధ్యమట, వెలుతురు ఎక్కువైపోతుందట. మంచి ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీరు) 100, ఎఫ్/16 (లెన్సు రంధ్రం బాగా చిన్నది) దగ్గర షట్టర్ 1/100 వస్తుంది. వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే నల్లటి అద్దం, మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, లెన్సుకు బిగిస్తే 1/13కి దిగుతుంది. ఆ అసాధ్యం అక్కడితో సరి.

అసలు నా ఒళ్లు మండింది ఐదోదానికి. "కూర్చున్న పక్షిని చప్పట్లు కొట్టో, చిన్న రాయి విసిరో లేపండి. మీరు ముందే సిద్ధంగా ఉంటారు కాబట్టి షాట్ ఖాయం."

ఏ షాట్ సార్ ఖాయం? బెదిరిన పక్షి మీకు అడ్డంగా, కొలిచినట్టు ఒకే వేగంతో పోదు. మీకు వీపు చూపించి పారిపోతుంది. లేచే క్షణాల్లో వేగం పెరుగుతూ ఉంటుంది, రెక్క వేసినప్పుడల్లా ఒళ్లంతా కిందికీ పైకీ ఊగుతుంది. 1/15లో అక్కడ దక్కేది తోక, వేలాడే కాళ్లు, అదృష్టం బాగుంటే రెట్ట. ఇక పక్షి సంగతి. పొద్దున్నే మేతకు దిగినదానికి ప్రతి లేవడమూ ఖర్చే. నేల మీద గుడ్లు పెట్టేవాటిని లేపితే గుడ్లు ఎండలో మాడతాయి, పక్కనే కాకి కాచుకుని ఉంటుంది. గుంపుగా గూళ్లు పెట్టిన చోట ఒక్కటి బెదిరితే అన్నీ లేస్తాయి. ఒక చిన్న రాయికి ఎంత గొప్ప ఫలితమో!

ఏమీ విసరక్కర్లేదు, కూర్చోండి. సాయంత్రం గూటికి చేరే కొంగలు చాలావరకు ఒకే దారిన వస్తాయి. మొదటిది దారి చూపిస్తుంది, నాలుగోదాన్ని తీయండి. మోచేతులు డొక్కలకు ఆనించి, దూరంగా ఉన్నప్పుడే వ్యూఫైండర్‌లోకి తెచ్చుకుని, దాంతోపాటే తిరుగుతూ నొక్కండి. క్లిక్ వినబడగానే ఆగకండి, ఆగిన చోటే ఫొటో పాడవుతుంది.

ఆరోది: "స్లో షట్టర్ వాళ్లు తమ పొరపాట్లకు కళ అని పేరు పెడతారు." ఇక్కడ మాత్రం దొరికిపోయాను. నా గోడ మీద తెల్ల కొంగ ఫొటో ఒకటుంది, చూసినవాళ్లంతా ఏం లయండీ అంటారు. ముందురోజు సాయంత్రం పెట్టిన 1/20ని పొద్దున మార్చడం మర్చిపోయి తీసిందది. అప్పట్నుంచే కావాలని తీయడం మొదలుపెట్టాను. రెండొందలు తీస్తే మూడో నాలుగో నిలుస్తాయి, మిగతావి ఆ మెసేజ్ చెప్పిన బుట్టలోకే.