తడ దాటని డిశ్చార్జ్ కాగితం

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు జిల్లాల వాళ్లకు పెద్ద జబ్బు చేస్తే ముందు గుర్తొచ్చే ఊరు చెన్నై. ఆపరేషన్ ఇక్కడ జరుగుతుంది, కోలుకోవడం మాత్రం సొంతూళ్లో. ఆసుపత్రి నుంచి ఆ ఊరి ఆరోగ్య సిబ్బందికి రోగిని అప్పగించే పని ఎవరిదో మాత్రం ఎక్కడా తేలడం లేదు. నర్సింగ్ గైడ్‌లైన్స్‌లో నాకు కనిపించే అతి పెద్ద లోటు ఇదే.

గైడ్‌లైన్స్‌కు కొదవ లేదు. రోగి మంచం మీంచి పడకుండా ఏం చేయాలి, వీపున పుండ్లు పడకుండా ఎన్ని గంటలకోసారి తిప్పి పడుకోబెట్టాలి, యూరిన్ ట్యూబు ఎలా చూసుకోవాలి, అన్నిటికీ రాతలున్నాయి. ఇంటికెళ్లాక పాటించాల్సిన జాగ్రత్తలు డిశ్చార్జ్ సమ్మరీలో అర్థమయ్యేలా ఉండాలని, ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాలూ చెబుతున్నాయి.

మరి ఆ కాగితంలో ఏముంటోంది? షుగర్ వల్ల కాలివేలు తీసేసిన మనిషిని తీసుకోండి. మందుల పట్టిక కింద ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క: రోజు విడిచి రోజు దగ్గర్లోని ఆసుపత్రిలో డ్రెస్సింగ్ చేయించుకోవాలి, రెండు వారాలకు మళ్లీ రావాలి. సిస్టర్ మాత్రల అట్టలు ఒక్కొక్కటే చూపిస్తూ తమిళంలో చెబుతుంది. కొడుకు అన్నిటికీ తలూపుతాడు. అతని కళ్లు బిల్లింగ్ కౌంటర్ వైపు, మనసు సెంట్రల్‌లో ఎక్కాల్సిన గూడూరు రైలు మీద. దగ్గర్లోని ఆసుపత్రి ఏదో అతను అడగడు, సిస్టర్‌కూ తెలియదు. ఊరికి వెళ్లాక ఆర్‌ఎంపీ దగ్గర కట్టు మార్పిస్తారు. లోపల చీము పట్టి, కాలు నల్లబడ్డాక మళ్లీ చెన్నై రైలెక్కుతారు.

తప్పు సిస్టర్‌ది కాదు. కెనడాలో ఒంటారియో నర్సుల సంఘం 1999లో నర్సింగ్ గైడ్‌లైన్స్ తయారీ మొదలుపెట్టింది. వాటిలో నర్సు ఏం చేయాలో చెప్పే సూచనలతో పాటు, ఆమెకు ఏ శిక్షణ ఇవ్వాలి, యాజమాన్యం ఏ ఏర్పాట్లు చేయాలి అన్నవీ ఉంటాయి. మన దగ్గర నర్సు పని మీదే పట్టుబడతాం, మిగతా రెండూ గాలికొదిలేస్తాం. ‘రోగిని స్థానిక సేవలకు పంపాలి’ అని గోడకు అంటిస్తే సరిపోదు. ఎక్కడికి పంపాలో ఫోన్ నంబర్లతో సహా జాబితా ఆమె చేతిలో ఉండాలి. ఫోన్ చేయడానికి డ్యూటీలో తీరిక ఉండాలి. డాక్టరు సంతకం కోసం ఎదురుచూడకుండా పంపే అధికారం ఉండాలి. ఇవేవీ ఇవ్వకుండా, స్థానిక సేవలకు పంపే రోగులు పెరగలేదని ఆమెను తప్పుపట్టడం అన్యాయం.

మన దేశంలో ఇది కుదరదనేవాళ్లు క్షయ రోగుల సంగతి చూడాలి. చికిత్స మధ్యలో రోగి రాష్ట్రం మారితే నిక్షయ్ పోర్టల్‌లో అతని వివరాలు కొత్త ఊరి కేంద్రానికి బదిలీ అవుతాయి. మనిషి ఎవరి లెక్కలో ఉన్నాడో తెలుస్తుంది. ఇంకా వెనక్కి వెళ్తే, క్షయకు శానిటోరియంలో ఇచ్చినంత మంచి వైద్యం ఇంటి దగ్గరా ఇవ్వొచ్చని 1950ల చివర ఒక అధ్యయనంతో ప్రపంచానికి చూపించింది ఈ మద్రాసే. ఆ రోగుల గుమ్మాలకు వెళ్లి, మాత్రలు వేసుకుంటున్నారో లేదో చూసిన సిబ్బంది లేకపోతే ఆ అధ్యయనమే లేదు.

తమిళనాడు ఆ బాటలోనే ఉంది. 2021 ఆగస్టు 5న మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద బీపీ, షుగర్ మాత్రలు, ఫిజియోథెరపీ, మంచాన పడ్డవాళ్లకు ఉపశమన సేవ ఇంటికే వస్తున్నాయి. చెన్నైలోని వ్యాసర్పాడి, పులియంతోపుల్లో ఉంటున్న మన తెలుగువాళ్లకూ ఆ సేవ అందుబాటులో ఉంది. అదే రోగి ఆంధ్ర సరిహద్దులోని తడ దాటితే ఆ దారి మూసుకుపోతుంది. అటువైపు ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త, పీహెచ్‌సీ అందరూ ఉన్నారు. ఫలానా ఇంట్లో మనిషి ఆపరేషన్ చేయించుకుని వచ్చాడని వాళ్లకు కబురే రాదు.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీని చెన్నై ఆసుపత్రులకూ విస్తరించింది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. అంటే బిల్లు డబ్బు సరిహద్దు దాటి వస్తోంది, రోగి సమాచారం మాత్రం తిరిగి వెళ్లడం లేదు. బిల్లు కట్టేవాళ్లకు షరతు పెట్టే హక్కుంది. రోగి ఊరి పీహెచ్‌సీకి నర్సు రాసిన తెలుగు కాగితం చేరిందని నమోదైతేనే క్లెయిమ్ పూర్తయినట్టు లెక్కించాలి. పథకం తరఫున ఆసుపత్రుల్లో కూర్చునే ఆరోగ్యమిత్రలకు ఆ కబురు పంపే పని అప్పగించవచ్చు.

అందరికీ ఒకేసారి కుదరకపోతే షుగర్ పుండ్లు, పక్షవాతం, ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్లతో మొదలుపెట్టాలి. కట్టు మార్చడం, ముక్కులోంచి వేసిన ఆహారపు గొట్టం చూసుకోవడం ఇంటివాళ్లు ఒంటరిగా చేయగలిగే పనులు కావు. తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ మాత్ర ప్రతి మందుల షాపులోనూ దొరకదు. అది తమ జిల్లాలో ఎక్కడ ఇస్తారో ఆ ఇంటికి డిశ్చార్జ్ రోజే తెలియాలి.